పైకప్పు సోలార్ ఉంటే కరెంటు పోయినా ల్యాప్‌టాప్ నడుస్తుందా? కారు ఛార్జ్ అవుతుందా?

పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన కింద ఇంటి పైన సోలార్ పెట్టుకున్నవారికి, పెట్టుకోబోతున్నవారికి ఈ పాఠం. ముఖ్యంగా కొడుకో, కూతురో, కోడలో ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న కుటుంబాలు దీన్ని చివరిదాకా చదవండి. ఎలక్ట్రిక్ స్కూటర్ గానీ కారు గానీ కొన్నవాళ్ళు, కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు కూడా చదవండి. బ్యాటరీల మీద పెట్టే డబ్బు చిన్నది కాదు. అప్పు చేసి కొనే ముందు అరగంట కూర్చుని లెక్క వేసుకుంటే చాలామందికి ఆ అప్పు అవసరం ఉండదు.

మొదటి ప్రశ్న: ఎండ ఉంది, ప్యానెళ్ళు ఉన్నాయి, కరెంటు ఎందుకు పోయింది?

పథకం కింద పెట్టేది లైన్‌కు కలిపిన సోలార్. దీన్నే ఆన్‌గ్రిడ్ అంటారు. ప్యానెళ్ళలో పుట్టిన కరెంటును ఇన్వర్టర్ ఇంటికి సరిపడేలా మార్చి, లైన్‌లో వస్తున్న కరెంటుతో తాళం కలుపుతుంది. ఇంట్లో వాడగా మిగిలింది నెట్ మీటర్ ద్వారా బయటికి పోతుంది. రాత్రి మనకు కావాల్సింది అదే మీటర్ ద్వారా లోపలికి వస్తుంది.

లైన్‌లో కరెంటు పోగానే ఈ ఇన్వర్టర్ కూడా దానంతట అదే ఆగిపోతుంది. చాలామంది ఇది మిషన్‌లో లోపం అనుకుని వెండర్‌తో గొడవ పడుతున్నారు. లోపం కాదు. అలా ఆగేలా కావాలనే తయారు చేస్తారు. కరెంటు పోయినప్పుడు స్తంభం ఎక్కిన లైన్‌మన్ తీగలో కరెంటు లేదన్న నమ్మకంతో చెయ్యి పెడతాడు. ఆ సమయంలో మీ ఇంటి పైనుంచి కరెంటు లైన్‌లోకి వెళ్తే ఆయన ప్రాణం పోతుంది. అందుకే ఆగుతుంది, ఆగాలి కూడా.

కాబట్టి ఆన్‌గ్రిడ్ సోలార్ బిల్లు తగ్గిస్తుంది గానీ కరెంటు కోతను ఆపదు. ఈ ఒక్క మాట ముందే తెలిస్తే సగం నిరాశ తప్పుతుంది. కోతకు వేరే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు ఎంత పెద్దదిగా ఉండాలో చూసే ముందు మన ఇల్లు రోజుకు ఎన్ని యూనిట్లు తింటుందో తెలియాలి.

ఒక ఇంటి లెక్క

నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో ఇల్లు అనుకుందాం. అమ్మానాన్న, కొడుకు, కోడలు. కోడలు ప్రోగ్రామర్, ఇంటి నుంచే పని. కొడుక్కి గుంటూరులో పని, వారానికి రెండు రోజులు ఎలక్ట్రిక్ కారులో వెళ్ళొస్తాడు, రానూపోనూ దాదాపు 100 కిలోమీటర్లు. లెక్క కోసం అనుకున్న ఇల్లే, కానీ ఇలాంటివి ఇప్పుడు ప్రతి మండలంలోనూ ఉన్నాయి.

యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే అయ్యే కరెంటు. ల్యాప్‌టాప్, పక్కన పెద్ద స్క్రీన్ కలిపి 80 వాట్లు అనుకోండి. తొమ్మిది గంటలు నడిస్తే ముప్పావు యూనిట్ కూడా కాదు. వైఫై పెట్టె 10 వాట్లు, రాత్రింబగళ్ళు ఆన్‌లో ఉన్నా పావు యూనిట్. అంటే ఆఫీసు పని మొత్తానికి రోజుకు ఒక యూనిట్ లోపే.

అదే ఇంట్లో పాత ఫ్యాన్లు నాలుగు, ఒక్కోటి 75 వాట్లు. రోజుకు పది గంటల చొప్పున తిరిగితే మూడు యూనిట్లు. ఫ్రిజ్ ఒక యూనిట్ పైచిలుకు. బల్బులు, టీవీ, మిక్సీ, ఇస్త్రీ పెట్టె అన్నీ కలిపి ఇంకో యూనిట్ లోపు. మొత్తం రోజుకు ఆరు యూనిట్లు, నెలకు 180. "పొద్దస్తమానం ఆ కంప్యూటర్ ఆన్‌లో పెట్టి బిల్లు పెంచుతోంది" అని కోడలి మీద పడే నింద ఈ లెక్కలో నిలబడదు. బిల్లు పెంచుతున్నది నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాన్లు. వాటి బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే రోజుకు దాదాపు రెండు యూనిట్లు మిగులుతాయి. సోలార్ పెట్టే ముందు చేయాల్సిన పని ఇదే, ఇది బ్యాటరీ కంటే చాలా చవక.

ఇక కారు. చిన్న ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వస్తుందనుకుంటే 100 కిలోమీటర్లకు 14 యూనిట్లు. ఛార్జింగ్‌లో కొంత వేడి రూపంలో పోతుంది, అది కలిపి 16 అనుకోండి. వారానికి రెండుసార్లు అంటే 32, నెలకు దాదాపు 140 యూనిట్లు. ఆఫీసు పని మొత్తానికి నెలకు 30 యూనిట్లు కూడా కాలేదు, కారు ఒక్కటే దానికి ఐదు రెట్లు. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే ఈ భయం లేదు. యూనిట్‌కు సుమారు 30 కిలోమీటర్లు నడుస్తుంది, రోజూ 30 కిలోమీటర్లు తిరిగినా నెలకు 30, 35 యూనిట్లతో సరి.

మొత్తం ఇల్లు, కారు కలిపి నెలకు 320 యూనిట్లు. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్ళు ఏడాది సగటున రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. 2 కిలోవాట్లకు నెలకు 240, 3 కిలోవాట్లకు 360. ఈ ఇంటికి 3 కిలోవాట్లు సరిపోతుంది. 2 కిలోవాట్లే ఉంటే 80 యూనిట్ల దాకా లైన్ నుంచి కొనుక్కోవాలి. కారు లేకపోతే 2 కిలోవాట్లు చాలు, పెద్దది పెట్టనక్కరలేదు.

ఈ నాలుగు యూనిట్లు అనేది సగటు మాత్రమే. మార్చి, ఏప్రిల్‌లో ఎక్కువ వస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టిన రోజు అందులో మూడో వంతు కూడా రాకపోవచ్చు. ఇంకో సంగతి, మండు వేసవిలో ఎండ ఎక్కువ కదా అని కరెంటు కూడా ఎక్కువ వస్తుందనుకోవద్దు. ప్యానెళ్ళకు వెలుగు కావాలి, వేడి కాదు. వేడెక్కేకొద్దీ వాటి ఉత్పత్తి తగ్గుతుంది. అందుకే ప్యానెల్‌కు, స్లాబుకు మధ్య గాలి ఆడేలా ఎత్తుగా బిగించమనండి.

సాయంత్రం ఆరున్నర మీటింగ్

సాఫ్ట్‌వేర్ పనిలో ఒక చిక్కు ఉంది. అమెరికా వాళ్ళతో మాట్లాడాల్సిన మీటింగులు మనకు చీకటి పడ్డాకే మొదలవుతాయి. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిది అంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, వాళ్ళ చలికాలంలో ఏడున్నర. అప్పటికి మన ప్యానెళ్ళు పడుకుంటాయి. నెట్ మీటర్ ఉన్న ఇంటికి ఇది సమస్య కాదు. పగలు లైన్‌కు ఇచ్చిన యూనిట్, రాత్రి తీసుకున్న యూనిట్ బిల్లులో ఒకదానికొకటి కొట్టివేస్తారు.

కారుకూ ఇంతే. "సోలార్ ఉంటే కారును మధ్యాహ్నమే ఛార్జ్ చేయాలి, రాత్రి చేస్తే నష్టం" అని కొందరు చెబుతుంటారు. యూనిట్‌కు యూనిట్ కొట్టివేసే నెట్ మీటర్ ఉన్న ఇంట్లో పగలు పెట్టినా రాత్రి పెట్టినా బిల్లు ఒకటే. పగలు కారు ఇంటి దగ్గర ఉంటే పగలే పెట్టండి, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద సాయంత్రం భారం తగ్గుతుంది. ఉండకపోతే బాధపడనక్కరలేదు. నెట్ మీటర్ ఉన్నా నెలవారీ స్థిర ఛార్జీలు మాత్రం వస్తాయి, బిల్లు సున్నా అవుతుందని ఎవరైనా చెబితే ఆ మాట గుర్తుంచుకోండి.

కోత సమయానికి ఎంత బ్యాటరీ కావాలి?

కరెంటు పోయినప్పుడు ఇల్లంతా నడవాలా, పని ఆగకుండా ఉంటే చాలా? చాలా ఇళ్ళకు రెండోదే కావాలి. ల్యాప్‌టాప్, స్క్రీన్, వైఫై, ఒక బీఎల్‌డీసీ ఫ్యాన్, ఒక బల్బు కలిపితే 130 వాట్లు. ఊళ్ళలో అందరూ వాడే మామూలు ఇంటి ఇన్వర్టర్‌కు పెట్టే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో పేరుకు 1.8 యూనిట్లు ఉంటాయి. అది ఎక్కువ కాలం మన్నాలంటే సగం వరకే వాడాలి. నష్టాలు పోను ముప్పావు యూనిట్ చేతికొస్తుంది. దాంతో ఈ 130 వాట్లు ఐదున్నర గంటలు నడుస్తాయి. పాత ఫ్యాన్ అయితే నాలుగు గంటలు.

మీ ఊళ్ళో కోతలు రెండు మూడు గంటలు మించకపోతే ఇది చాలు. దీనికోసం లక్ష రూపాయల లిథియం బ్యాటరీ అమ్మడానికి వచ్చినవాళ్ళకు నమస్కారం పెట్టి పంపించండి.

పెట్టేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి. పని చేసే గదికి ఎలక్ట్రీషియన్‌తో విడిగా ఒక లైన్ లాగించి, ఆ ఒక్క లైన్‌నే ఇన్వర్టర్‌కు ఇవ్వండి. లేకపోతే ఇంట్లో ఎవరో ఇస్త్రీ పెట్టె పెడతారు, మీటింగ్ మధ్యలో మొత్తం పడిపోతుంది. సోలార్ ఇన్వర్టర్‌ను మీటర్ వైపే కలపాలి, ఈ చిన్న ఇన్వర్టర్ నుంచి వచ్చే లైన్‌కు కలపకూడదు, కలిపితే చిన్నది కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంటి ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉన్నవాళ్ళు దాన్ని ఆ మోడ్‌లో పెట్టండి. అప్పుడు కరెంటు మారే క్షణంలో కంప్యూటర్ ఆగిపోదు. ల్యాప్‌టాప్‌కు ఎలాగూ సొంత బ్యాటరీ ఉంటుంది.

మీ ఇంట్లో అన్నీ నడుస్తున్నా ఇంటర్నెట్ రాకపోవచ్చు. కేబుల్ ఆపరేటర్ పెట్టె ఉన్న చోట కూడా కరెంటు పోతుంది కదా. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి.

కోతలు రోజూ గంటల తరబడి ఉండే ఊళ్ళకు హైబ్రిడ్ ఇన్వర్టర్ అనే దారి ఉంది. అది లైన్‌కూ కలుస్తుంది, బ్యాటరీనీ నింపుతుంది. లైన్ పోయినప్పుడు వీధితో సంబంధం తెంచుకుని ఇంటికి మాత్రం కరెంటు ఇస్తుంది. ఇది కావాలనుకుంటే వెండర్‌కు మొదటే చెప్పాలి, తర్వాత మార్చాలంటే రెండు ఖర్చులు. సబ్సిడీ మాత్రం ప్యానెళ్ళ సామర్థ్యానికే వస్తుంది. బ్యాటరీ ఖర్చు మీదే.

మీటర్ తీసేసి పూర్తిగా సోలార్ మీదే బతకొచ్చా?

దీన్ని ఆఫ్‌గ్రిడ్ అంటారు. లైన్‌తో సంబంధం లేకుండా ప్యానెళ్ళు, బ్యాటరీల మీదే ఇల్లు నడపడం. ఫోన్లలో అలాంటి వీడియోలు చూసి చాలామందికి ఆశ పుడుతోంది. బతకొచ్చు, బతుకుతున్నవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో తెలియాలి. పొద్దున లేవగానే ఆకాశం చూడాలి. ఎండ వస్తేనే వాషింగ్ మిషన్, మోటారు. కారు ఛార్జింగ్ పదకొండు నుంచి రెండు మధ్యలోనే, అదీ బ్యాటరీ నిండాకే. మబ్బు పడితే కారు బయటికి తీయడం వాయిదా.

పైన చెప్పిన ఇంటినే తీసుకోండి. కారుతో కలిపి రోజుకు సగటున పదిన్నర యూనిట్లు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మూడు రోజులు సూర్యుడు కనిపించకపోతే 30 యూనిట్ల దాకా దాచుకున్నది ఉండాలి. ఆ కోడలి ఆఫీసు గదికి మనం వేసిన బ్యాటరీలో చేతికొచ్చేది ముప్పావు యూనిట్, అలాంటివి 40 కావాలన్నమాట. ముసురు రోజుల కోసం ప్యానెళ్ళు రెట్టింపు పెట్టాలి. ఎండ రోజుల్లో మిగిలిన కరెంటును లైన్‌కు ఇచ్చే దారి లేదు కాబట్టి అది వృథా. ట్యూబులర్ బ్యాటరీలు నాలుగైదేళ్ళకోసారి మార్చాలి. ఇంతా చేసి ఈ పథకం సబ్సిడీ రాదు, ఎందుకంటే అది లైన్‌కు కలిపిన సోలార్‌కే. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు మీటర్ తీసేస్తే ఉచిత యూనిట్ల రాయితీ కూడా పోతుంది. మీ ఇంటికి లైన్ ఉంటే దాన్ని వదులుకోవద్దు. "మీటర్ పీకేయండి, జీవితాంతం ఫ్రీ" అని చెప్పేవాళ్ళు బ్యాటరీ అమ్మడానికే వచ్చారు.

ఆఫ్‌గ్రిడ్ నిజంగా అవసరమైన చోట్లు వేరు. స్తంభాలు వెళ్ళలేని కొండ మీద గూడేల్లో అదే దారి. చెంచులు, కొండరెడ్లు వంటి ఆదిమ గిరిజన కుటుంబాలకు పీఎం జన్‌మన్ కింద అలాంటి సోలార్ ఏర్పాటు విడిగా ఉంది. మీ గూడెంలో లైన్ లేకపోతే ఐటీడీఏ కార్యాలయంలో అడగండి, సూర్యఘర్‌కు దరఖాస్తు పెట్టి ఎదురుచూడకండి.

కారు ఛార్జింగ్: ఇక్కడ జాగ్రత్త

ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్ నుంచి కారు గంటకు రెండున్నర, మూడు యూనిట్లు లాగుతుంది, అదీ ఆరేడు గంటలు ఆపకుండా. గీజర్ పావుగంటలో ఆగిపోతుంది, కారు ఆగదు. అందుకే పాత సాకెట్‌లో పెట్టి వదిలేస్తే ప్లగ్గు కరిగిపోవడం, వైరు కాలిపోవడం జరుగుతాయి. కారుకు మీటర్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించండి, దానికి సొంత ఎమ్‌సీబీ, షాక్ కొడితే ఆపే ఆర్‌సీసీబీ పెట్టించండి, ఎర్తింగ్ గుంతను సరిచూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడొద్దు. చిన్న ఇంటి ఇన్వర్టర్ మీద కారు పెట్టొద్దు, అది మోయలేదు. మీ కనెక్షన్‌కు మంజూరైన లోడ్ ఒక కిలోవాటే ఉంటే కారు కొన్నాక లోడ్ పెంచమని దరఖాస్తు ఇవ్వాలి.

కొన్ని కార్లలో బ్యాటరీ కరెంటును బయటి వస్తువులకు ఇచ్చే సౌకర్యం ఉంది, వీటూఎల్ అంటారు. 30 యూనిట్ల కారు బ్యాటరీలో ఐదో వంతు వాడినా మన కోడలి ఆఫీసు గది తొమ్మిది గంటల చొప్పున ఐదు రోజులు నడుస్తుంది. తుపాను వచ్చి స్తంభాలు పడిపోయినప్పుడు ఇది పెద్ద సాయం. కానీ ల్యాప్‌టాప్, ఫ్యాన్ వంటివి కారు ఇచ్చే సాకెట్‌కే నేరుగా పెట్టాలి. రెండు చివరలా పిన్నులున్న వైరుతో గోడ సాకెట్‌లోకి ఎక్కించి ఇల్లంతా వెలిగిద్దాం అనుకోవద్దు. అలా చేస్తే కరెంటు మీటర్ దాటి వీధిలోకి పోతుంది. మొదట్లో చెప్పిన ఆ లైన్‌మన్ అప్పుడు స్తంభం మీదే ఉంటాడు.

సబ్సిడీ ఎంత, ఎప్పుడు వస్తుంది?

కేంద్ర సబ్సిడీ 1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు గానీ అంతకు మించి గానీ పెడితే 78,000. అంటే 3 దాటాక ప్యానెళ్ళు పెంచినా సబ్సిడీ పెరగదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టే ఏర్పాటు ఉంది, బీసీ కుటుంబాలకు కేంద్ర సబ్సిడీకి తోడు రాష్ట్రం అదనంగా ఇస్తుంది. మీకు ఏది వర్తిస్తుందో సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ను అడగండి. తెలంగాణ వారికీ కేంద్ర సబ్సిడీ ఇంతే.

సొంత ఖర్చుతో పెట్టుకునేవారికి డబ్బు ముందు రాదు. నేషనల్ పోర్టల్‌లో దరఖాస్తు, నమోదైన వెండర్‌తో బిగింపు, నెట్ మీటర్, తనిఖీ, ఇవన్నీ అయ్యాక మీ ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా మొత్తం మీరే సర్దుకోవాలి, లేదా పోర్టల్ ద్వారానే తాకట్టు లేని బ్యాంకు రుణానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రైవేటు వడ్డీకి తేవద్దు.

ఎక్కువమంది ఆగిపోతున్నది మీటర్ పేరు దగ్గర. మీటర్ చనిపోయిన తాతగారి పేరు మీద ఉంటుంది, బ్యాంకు ఖాతా మనవడిది. పేర్లు కలవకపోతే సబ్సిడీ ఆగుతుంది. దరఖాస్తుకు ముందే మీటర్ పేరు మార్పించుకోండి. ప్యానెళ్ళలోని సెల్స్ మన దేశంలో తయారైనవే అయి ఉండాలి, లేకపోతే సబ్సిడీ రాదు. బిల్లు మీద డీసీఆర్ అని రాయించుకోండి. ఐదేళ్ళ నిర్వహణ వెండర్ బాధ్యత, ఆ కాగితం సంతకంతో తీసుకోండి. "సబ్సిడీ నేను వేయిస్తా, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేసేవాళ్ళకు ఏదీ చెప్పొద్దు.

ప్యానెళ్ళ మీద పక్కింటి వాటర్ ట్యాంకు నీడ, కొబ్బరి మట్ట నీడ పడకుండా చూడండి, ఒక మూల నీడ పడినా వరుస మొత్తం ఉత్పత్తి పడిపోతుంది. దుమ్మును తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో, మామూలు నీళ్ళతో కడగండి. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్ళు పోయొద్దు.

పథకం సందేహాలకు 15555, కరెంటు ఫిర్యాదులకు 1912. ఫోన్ చేసేటప్పుడు కరెంటు బిల్లు మీది సర్వీస్ నంబర్, పోర్టల్ ఇచ్చిన దరఖాస్తు నంబర్ చేతిలో ఉంచుకోండి. మీరు ఇచ్చిన ఫిర్యాదు నంబర్‌ను ఇదే ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోండి.